ఆది జాకెట్టు

మా నాన్న కామవరపుకోటలో కుట్టుమిషను తొక్కి మమ్మల్ని పెంచాడు. నేను అదే విద్యకు డిప్లొమా తగిలించుకుని, ఏలూరు దగ్గర ఒక బాలికల హైస్కూల్లో టైలరింగ్ టీచరుగా చేరాను. చేరిన రోజే హెడ్మిస్ట్రెస్ గారు నన్ను ఎగాదిగా చూసి, ఈ పోస్టుకు ఆడవాళ్లెవరూ దొరకలేదా అని గుమస్తాను నా ముందే అడిగారు.

ఆమె జాకెట్లు కుట్టేది తాడేపల్లిగూడెంలో ఒక మగ టైలరే. దానికి ఎవరికీ అభ్యంతరం లేదు. మగవాడు సుద్దముక్క పట్టుకుని ఆ పనే నేర్పితే మాత్రం కొంపలు మునిగిపోతాయి.

క్లాసు తలుపులు తీసి ఉంచమన్నారు, ఉంచాను. వెనక బెంచీలో ఆయాను కూర్చోబెట్టారు, ఊరుకున్నాను. కొలతలు వద్దన్నారు. ఆడవాళ్లు టైలరుకు కొలత కోసం ఒంటికి సరిపోయిన పాత జాకెట్టు ఇస్తారు కదా, ఆ ఆది జాకెట్టు చూసి కుట్టడం నేర్పితే చాలట. అది ఎవరో కుట్టినదాన్ని చూచిరాత రాయడమే. కొలత తీయడం వస్తేనే చేతిలో విద్య ఉన్నట్టు, పరీక్షలో మార్కులూ దానికే. అందుకని నేను బోర్డు దగ్గరే నిలబడి, పిల్లల్లో ఒకరి కొలతలు ఇంకొకరిచేత తీయించాను. అమ్మను చేపల చెరువు పని మాన్పిస్తానంటూ కొల్లేటికోట పిల్ల ఒకతె అందరికన్నా ముందు నేర్చుకుంది.

పరీక్షలకు నెల ఉందనగా హెడ్మిస్ట్రెస్ గారు పిలిచారు.

"మిమ్మల్ని తప్పుపట్టడం లేదండీ. రేపెవరైనా ఏదైనా అంటే స్కూలు పేరు పోతుంది. క్లాసు తెలుగు మేడంగారు చూసుకుంటారు, మీరు రికార్డులు రాయండి."

ఎవరూ ఏమీ అనలేదు. అనబోయేవాళ్ల తరఫున ఆమే అనేశారు.

గుమ్మం దాకా వచ్చాక, "ఏవండీ" అని వెనక్కి పిలిచి, బీరువాలోంచి పట్టుగుడ్డ, ఆది జాకెట్టు తీసి ఇచ్చారు. వార్షికోత్సవానికి కావాలట. గూడెం టైలరు చేతులు బిగువుగా కుడుతున్నాడట.

బల్లమీద పెట్టేసి రావలసింది. కుట్టాను. ఆదిలో ఉన్న తప్పు కూడా సరిచేశాను.

సూదిలో దారం ఎక్కించడం రాని తెలుగు మేడంగారి ముందు నా పిల్లలు తలా ఒక ఆది జాకెట్టు పెట్టుకుని కూర్చున్నారు. వార్షికోత్సవంలో ఆమెకే టైలరింగ్ టీచరుగా సన్మానం. జనంలో నా పక్కన నిలబడ్డ కొల్లేటికోట పిల్ల హెడ్మిస్ట్రెస్ గారిని చూసి, "ఆ జాకెట్టు మీరు కుట్టిందేనాండీ మాస్టారూ?" అంది. తలూపాను.

వేదికమీద హెడ్మిస్ట్రెస్ గారు రెండు చేతులూ ఎత్తి శాలువా కప్పారు. జాకెట్టు ఎక్కడా బిగుసుకోలేదు. నా చేతిపని చూసి నేను సిగ్గుపడింది ఆ ఒక్కరోజే.