నా నడుము చేసిన దీక్ష

నడుము నొప్పి ఎప్పుడు మొదలైందో నాకు సరిగ్గా గుర్తు లేదు గానీ, దాన్ని తిట్టడం మొదలుపెట్టిన రోజు మాత్రం బాగా గుర్తుంది. జనగామ బస్టాండులో కిక్కిరిసిన పాలకుర్తి బస్సుకు కిటికీలోంచి తువ్వాల వేసి సీటు పట్టాను. తీరా లోపలికి దూరి కూర్చోబోయేసరికి నడుము పట్టేసింది. సగం వంగి, కూర్చోనూ లేక, నిలబడనూ లేక అట్లాగే ఉండిపోయాను. వెనక నుంచి ఒకాయన, "కూసుంటవా లేదా అన్నా? కూసోకుంటే జర జరుగు," అన్నాడు. ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేదు. కానీ అదే నిమిషంలో నా లోపల ఇంకో గొంతు లేచింది. 'సీటు దొరికినా కూర్చోవడం చేతకానివాడివి, నువ్వూ ఒక మనిషివేనా?' అంది. ఆ గొంతు టికెట్టు లేకుండా నాతోపాటే ప్రయాణం చేసింది. చాలా ఏళ్ళు దిగలేదు.

నేను దంతాలపల్లి హైస్కూల్లో తెలుగు చెప్పేవాణ్ణి. కాపురం జనగామలో. రోజూ పాలకుర్తి, తొర్రూరు మీదుగా పోయి రావడం. దారిలో ఏ గుంత ఎక్కడుందో డ్రైవరుకన్నా నా నడుముకే బాగా తెలుసు. అవి తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజులు. ఎక్కడ చూసినా రోడ్డు పక్కన ఒక టెంటు, దాని కింద రోజుకో గుంపు. ఇవాళ లాయర్లు, రేపు ఆటో అన్నలు, ఎల్లుండి గీత కార్మికులు. పొద్దున మెడలో దండలు వేసుకుని కూర్చోవడం, సాయంత్రం ఎవరో పెద్దమనిషి నిమ్మరసం ఇస్తే తాగి లేవడం. రిలే నిరాహార దీక్ష అంటే అదే. దంతాలపల్లిలో మా టెంటు వెనక కట్టిన బట్ట మీద 'ఆత్మగౌరవం' అన్న మాట రాసింది నేనే. తెలుగు సారును కదా, అక్షరాలు గుండ్రంగా వస్తాయని నాకు అప్పగించారు.

అంత గుండ్రంగా రాసిన మనిషిని, పగలంతా మా భాషను వెక్కిరించొద్దని గొంతు చించుకుని, సాయంత్రం బస్సులో నన్ను నేనే తిట్టుకుంటూ ఇల్లు చేరేవాణ్ణి. అందులో పెద్ద తమాషా ఏమిటంటే, నా లోపలి గొంతు మా యాసలో తిట్టేది కాదు. 'ఛీ, ఇంత చేతకానివాడివేంటి నువ్వు? రేపో మాపో మంచాన పడతావు చూస్తూ ఉండు,' అని అచ్చంగా కోస్తా యాసలో దబాయించేది. ట్రైనింగ్ కాలేజీలో మాకు పాఠం చెప్పిన ఒకాయన గొంతు అది. నేను లేచి 'వచ్చినం' అంటే చాలు, ఆ మాటను సాగదీసి తిరిగి పలికి క్లాసంతా నవ్వించేవాడు. ఆయన రిటైరై ఎన్నో ఏళ్ళయింది. నా తలలో మాత్రం ఆయన సర్వీసు నేనే పొడిగిస్తూ వచ్చాను.

జనగామలో ఎముకల డాక్టరుకు చూపించుకున్నాను. ఎక్స్‌రే వెలుతురుకు పెట్టి చూసి, "మీ ఎముకలకు ఏం కాలేదు సార్. నొప్పి వస్తదేమో అని భయపడి బిగుసుకపోతున్నరు. ఆ బిగువుతోనే నొప్పి ఇంకా పెరుగుతున్నది. మనసు జర నిమ్మళం చేసుకోండి," అన్నాడు. ఎవరైనా సంతోషిస్తారు. నాకు అవమానంగా తోచింది. మా స్టాఫ్ రూములో ప్రతివాళ్ళ నొప్పికీ ఒక వెన్నుపూస నంబరుండేది. లెక్కల సారుకు ఎల్ ఫోర్, సోషల్ టీచరుకు ఎల్ ఫైవ్. నంబరు లేని నొప్పి పట్టుకుని వాళ్ళ మధ్య నేనెట్లా కూర్చోవాలి? 'చూశావా, నీ నొప్పి కూడా దొంగదే,' అంది లోపలి గొంతు.

తర్వాత చిల్పూరు గుట్టెక్కి బుగులు వెంకటేశ్వరస్వామికి మొక్కుకున్నాను. బుగులు అంటే మా వైపు దిగులూ భయమూ కలిసిన మాట. బుగులు తీసే దేవుడి దగ్గరికి పోయి, మెట్లు దిగేటప్పుడు నడుము పడుతుందేమో అని బుగులు పడుతూ దిగాను. మహదేవపూర్‌లో పనిచేసే మా బామ్మర్ది గోదావరి ఒడ్డు అడవి మూలికల నూనె సీసాలో పోసి పంపాడు. దాని వాసనకు బస్సులో నా పక్క సీటు తొర్రూరు దాకా ఖాళీగా ఉండేది. నూనెతో నాకు కలిగిన లాభం అంతే.

మా బడిలో మధ్యాహ్న భోజనం వండే అక్క దగ్గర్లోని తండా నుంచి వచ్చేది. నాకన్నా పెద్దది. రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి. పెద్ద గిన్నె పొయ్యి మీంచి దించేటప్పుడల్లా తండా భాషలో ఏదో గొణిగేది. ఆ భాష నాకు ముక్క రాదు. దేవుణ్ణి తలుచుకుంటుందేమో అనుకునేవాణ్ణి. ఒకరోజు అడిగాను.

"ఎవరితోని మాట్లాడుతున్నవ్ అక్కా?"

"మోకాళ్ళతోని సారు."

"మోకాళ్ళతోనా? ఏమంటవ్?"

"ఏమంట? జర ఓర్సుకో బిడ్డా, గీ ఒక్క గిన్నె దింపినంక కూసుందాం అంట. పొద్దందాక నన్ను మోస్తున్నయ్ గద సారు. తిడితే ఇంకింత మొరాయిస్తయ్."

నేను నవ్వాను. నవ్వి, ఆ సాయంత్రమే బస్సులో ఎవరికీ తెలియకుండా ప్రయత్నించాను. చిక్కేమిటంటే, నా దగ్గరున్న మంచి మాటలన్నీ పుస్తకాలవి. 'ఓ కటిప్రదేశమా, శాంతింపుము,' అన్నాను మనసులో. నడుము పరీక్ష పెడుతున్నారనుకున్నట్టుంది, ఇంకాస్త బిగుసుకుంది.

ఇంతలో టెంటు కింద కూర్చునే వంతు మా బడికి వచ్చింది. మొదటిసారి జ్వరమని తప్పించుకున్నాను. రెండోసారి వచ్చినప్పుడు చుట్టాలింట్లో పెళ్ళన్నాను. పొద్దంతా కింద కూర్చోవడం నా వల్ల కాదని చెప్పడానికి నోరు రాలేదు. మూడోసారి స్టాఫ్ రూములో పేర్లు రాస్తుంటే నా దగ్గర కలం ఆగింది. లెక్కల సారు కళ్ళజోడు మీంచి చూస్తూ, "సారుకు భయమైతున్నట్టున్నది. సర్వీసు బుక్కుల రాస్తరని," అన్నాడు. ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది. అందరూ రోడ్డెక్కిన రోజుల్లో భయపడి దాక్కున్నవాడన్న పేరొస్తే, బడి పిల్లల ముందు నిలబడి మళ్ళీ పాఠం చెప్పలేను. "రాయండి నా పేరు," అన్నాను. 'చచ్చావు,' అంది గొంతు.

టెంటు కింద జంపఖానా పరిచారు. ఏడుగురం వరుసగా కూర్చున్నాం, నుదుట కుంకుమ, మెడలో బంతిపూల దండలు. దీక్షలో నడుం వాల్చడం తప్పేమీ కాదు. అంతకుముందు కూర్చున్నవాళ్ళు కొందరు దిండ్లు కూడా తెచ్చుకున్నారు. కానీ రెండు వంతులు ఎగ్గొట్టినవాడు మూడో వంతుకు దిండు చంకన పెట్టుకుని వస్తే జనం ఏమనుకుంటారు? అందుకని బాసింపట్టు వేసుకుని గుంజలా కూర్చున్నాను.

గంట తిరక్కుండానే నడుము పట్టింది. కదిలితే కేక బయటికి వచ్చేట్టుంది. కదలలేదు. 'కూర్చోవడం చేతకాదు, లేవడం చేతకాదు, నీకెందుకయ్యా ఉద్యమాలు?' అని గొంతు ఒకటే పోరు. అది తిట్టినకొద్దీ వీపు బిగిసింది, వీపు బిగిసినకొద్దీ అది తిట్టింది. మధ్యాహ్నానికి ఊపిరి కూడా చూసుకుని పీలుస్తున్నాను.

అప్పుడు చూడాలి నా వైభవం. వచ్చినవాళ్ళు వచ్చినట్టే నా ముందు ఆగారు.

"చూడుండ్రి, పొద్దుగాల కూసున్న మనిషి ఇసుమంత గూడ కదల్లే. దీక్షంటే గది!"

ఇంకో దండ వేశారు. దండ బరువుకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దాన్నీ ఆవేశం కిందే జమ కట్టారు. నన్ను చూసి, నడుం వాల్చబోతున్న లెక్కల సారు లేచి కూర్చున్నాడు. ఆయన్ను చూసి హెడ్మాస్టరు నిటారయ్యాడు. విలేకరి వచ్చి, "సార్, జర ఇటు తిరుగుండ్రి, ఫోటో," అన్నాడు. తిరిగితే ప్రాణం పోతుంది. తిరగలేదు. ప్రచారం అక్కర్లేని మనిషి అనుకున్నాడు కాబోలు, దండం పెట్టి ఆయనే ఇటు తిరిగి ఫోటో తీసుకున్నాడు. నా జన్మలో అంత గౌరవం ఎప్పుడూ దక్కలేదు. అంత నొప్పి కూడా ఎప్పుడూ పడలేదు.

మూడు గంటలప్పుడు తండా ఆడవాళ్ళు పాట పాడుకుంటూ మద్దతుగా వచ్చారు. ముందు మా వంట అక్క ఉంది. నాకు బొట్టు పెట్టబోయి, ముఖం చూసి ఆగింది. అందరూ నా పట్టుదల చూశారు. ఆమె నేను పళ్ళు కరుచుకుని ఉండడం చూసింది.

"నడుమా సారు?" అంది చిన్నగా.

అవునన్నట్టు కళ్ళు ఆర్పాను.

"మరి పండుకోరాదు?"

"అందరు చూస్తున్నరక్కా," అన్నాను పెదాలు కదపకుండా.

ఆమె లేచి, పొలం ఈ గట్టు నుంచి ఆ గట్టుకు పిలిచే గొంతుతో అంది, "ఓ పెద్ద సారూ! గీ సారుకు నడుము పట్టింది. పొద్దటి సంది సస్తున్నడు. జర పండుకోనియ్యుండ్రి!"

పాట ఆగిపోయింది. రోడ్డు మీది జనమంతా నా వైపు చూశారు. 'అయిపోయింది నీ పని,' అంది గొంతు. నాకూ అట్లాగే అనిపించింది. సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

అప్పుడు హెడ్మాస్టరు మెల్లగా కాళ్ళు చాపాడు. "నాకు గూడ మోకాళ్ళు గుంజవట్టి గంటయింది. నిన్ను జూసి కూసున్ననయ్యా."

లెక్కల సారు అప్పటికే వెల్లకిలా పడుకున్నాడు. "ముందుగాల్నే చెప్తే ఏంబోయె?" అన్నాడు టెంటు గుడ్డను చూస్తూ. మళ్ళీ తనే, "నేను గూడ స్టాఫ్ రూముల గట్ల అనకుండ ఉండాల్సింది," అన్నాడు.

నన్ను ఇద్దరు పట్టుకుని పడుకోబెట్టారు. అక్క తన చేతిసంచి మడిచి నడుము కింద పెట్టింది.

"తిట్టుకోకు సారు. మొకం జూస్తెనే తెలుస్తున్నది. మంచిగ చెప్పు దానికి," అని పోయి ఆడవాళ్ళలో కలిసింది.

తల వెనక నేను రాసిన బట్ట తలకిందులుగా కనబడింది. ఆత్మగౌరవం. అక్షరాలు గుండ్రంగానే ఉన్నాయి. మంచిగా చెప్పమంటే ఏం చెప్పాలి? పుస్తకాల్లో వెతకడం మానేశాను. చిన్నప్పుడు జ్వరమొస్తే మా అమ్మ, మేం అవ్వా అని పిలిచేవాళ్ళం, నుదుటి మీద చెయ్యి పెట్టి అనే మాట గుర్తొచ్చింది. 'ఏం గాదు బిడ్డా. నేనున్న. పండుకో.' అవ్వ పోయిన తర్వాత నన్ను బిడ్డా అన్నవాళ్ళు లేరు. నేను కూడా నన్ను ఒక్కసారైనా అట్లా అనుకోలేదు. ఆ మాటే నడుముకు చెప్పాను, అవ్వ చెప్పినట్టే, మా యాసలోనే. చెప్పగానే ఏడుపొచ్చింది. నొప్పికి కాదు. ఇన్నేళ్ళూ నాతో నేను ఎంత కానివాడిలా మాట్లాడానో అప్పుడు తెలిసింది. కోస్తా యాస గొంతు ఏదో అనబోయింది. అవ్వ ముందు దానికి మాట పెగల్లేదు.

నొప్పి పోలేదు. దాని పిడికిలి కాస్త వదులైనట్టయింది, అంతే. సాయంత్రం నిమ్మరసం తాగి, ఇద్దరి భుజాల మీద చేతులేసుకుని బస్సెక్కాను.

మర్నాడు పేపర్లో నా ఫోటో పడింది, గుంజలా కూర్చున్నది. కింద 'చలించని దీక్ష' అని రాశారు. మా ఆవిడ చాయ్ గ్లాసు నాకిస్తూ ఫోటో కేసి చూసి, "నడుము పట్టిందా?" అంది.

మధ్యాహ్నం బడిలో వంట దగ్గరికి పోయాను. అక్క గిన్నె దించబోతోంది.

"ఏమన్నవ్ సారు నడుముకు?"

చెప్పడానికి సిగ్గేసింది. అయినా చెప్పాను, మా అవ్వ మాటతో సహా. ఆమె గరిటె పక్కన పెట్టింది. తండాలో అమ్మను యాడి అంటారు.

"నాది గూడ మా యాడి మాటనే సారు," అంది. "ఆమె పోయినంక నన్ను బిడ్డా అనెటోళ్ళు ఎవ్వలు లేకపాయె. గందుకే నేనే అనుకుంటున్న."

నేను అవతలి వైపు గిన్నె అంచు పట్టుకున్నాను. ఆమె తన భాషలో, నేను నా భాషలో గొణుక్కుంటూ ఇద్దరం కలిసి దించాం.