అంచు కనిపించని చీర

తిరువళ్ళూరు స్టేషన్ దగ్గర ఒక స్టూడియోలో కంప్యూటర్ ముందు కూర్చుని పెళ్ళి ఫోటోలు దిద్దడం నా ఉద్యోగం. రంగు ఫోటోను నలుపు తెలుపు చేయడం నాకు ఒక మీట నొక్కినంత పని. అది ఎంత పెద్ద పనో మా నాయన వచ్చాకే తెలిసింది.

అమ్మ కర్మలన్నీ అయ్యాక ఆయన తిరుత్తణిలో రైలెక్కి వచ్చాడు. గోడకు పెట్టడానికి అమ్మ ఫోటో కావాలి, అదీ నలుపు తెలుపులోనే కావాలన్నాడు. మా గోడ మీద తాత, అవ్వ, వాళ్ళ పెద్దలు అందరూ అలాగే ఉన్నారు.

"మీ యమ్మ ఒక్కతే రంగులో ఉంటే వేరే ఇంటి మనిషి మాదిరి ఉంటాది పాపా."

ఆ మాట ఊరికే రాలేదు. మాది మగ్గం ఇల్లు. అమ్మ కొట్టు పెట్టుకున్న వాళ్ళ బిడ్డ, ఆమెకు నూలు పట్టడం రాదు. నాయనను కన్న అవ్వ ఆమెను చివరిదాకా కొట్టోళ్ళ పిల్ల అనే పిలిచింది, మగ్గం దగ్గరికి రానివ్వలేదు. నాయన నోరెత్తలేదు. నోరెత్తే బదులు అమ్మకు ఒక చీర నేశాడు. మిరపపండు ఎరుపు, చిలకపచ్చ అంచు. మా ఇంట్లో నేసినవాటిలో అమ్మకానికి పోని చీర అదొక్కటే. అక్క పెళ్ళికి అమ్మ అదే కట్టుకుంది. పుణ్యస్త్రీగా పోయింది కాబట్టి అదే చీరలో సాగనంపాం.

ఆ పెళ్ళి ఫోటోనే తెరిచి మీట నొక్కాను. ఎరుపూ పచ్చా రెండూ ఒకే బూడిద రంగులోకి దిగిపోయాయి.

"అంచు యాడ?" అన్నాడు నాయన.

రెండు రంగుల వెలుగూ ఒకటే కావడంతో కలిసిపోయాయని చెప్పి, ఎరుపును లేత చేసి చూపించాను. అంచు లేచింది, నుదుటి కుంకుమ మాయమైంది. బోసి నుదురుతో ఉన్న అమ్మను చూడలేక ఆయన తల తిప్పుకున్నాడు. ఎరుపును ముదురు చేస్తే అంచూ బొట్టూ కనబడ్డాయి గానీ మొహమంతా నల్లబడింది. ముందుకు పోతే నుయ్యి, వెనక్కి పోతే గొయ్యి. మొహం ఒక రకంగా, చీర ఒక రకంగా చేసి కలిపేస్తానన్నాను. ఒప్పుకోలేదు. మగ్గం మనిషికి అతుకంటే గిట్టదు. ఆయన జన్మలో అతుకు చీర బయటికి పంపలేదు.

"బొట్టు ఉండనీ. అంచు పోతే పోనీ," అన్నాడు.

ఆ మొదటిదే ప్రింటు తీసి ఇచ్చాను. ఆ రోజు మొండికేసి రంగుదే చేతిలో పెట్టి పంపాల్సింది. ఇప్పుడు అమ్మ ఫోటో గోడ మీద అవ్వ ఫోటో పక్కనే వేలాడుతోంది. అవ్వ చీర అంచు మాత్రం ఫోటోలో పోగు పోగూ కనిపిస్తుంది. చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది.

నాయన ఇప్పటికీ అప్పుడప్పుడు స్టూడియోకి వస్తాడు. గిరాకీ లేని వేళ చూసి, రంగు ఫోటో తెరవమంటాడు. మొన్న తెర మీద ఆ పచ్చ అంచును వేలితో కొసదాకా తడిమాడు.

"మా యమ్మతో ఒక్క మాట అనుంటే సరిపోయుండేది పాపా. ఈమె బతికుండంగానే మాలో కలిసుండేది."

నాకు ఏడుపొచ్చింది. ఇప్పుడైనా ఈ రంగుది తీసుకుపో, అవ్వ ఫోటో దించి ఆ మేకుకే తగిలించు అన్నాను.

ఈసారీ ఆయన నోరెత్తలేదు. రైలుకు టైమయిందని లేచాడు.