వదిన అడిగిన మాట

మా పక్కింటావిడ పోయిందని ఆవిడ కూతురే వచ్చి చెప్పింది. నేను పప్పులోకి పోపు వేస్తున్నాను. బెల్లు మోగితే తలుపు తీశాను. యాభై దాటిన మనిషి, బూట్ల నిండా మంచు, ముక్కు ఎర్రగా కందిపోయి ఉంది. మా అమ్మాయి పైగదిలో ఆఫీసు పని వదిలి పరుగున కిందికి వచ్చి ఇంగ్లీషులో మాట్లాడింది. నేను మాటలు వినలేదు, ముఖం చూశాను. ఇంగ్లీషులో నాకు అర్థమయ్యేవన్నీ ముఖాలే.

“ఎప్పుడట?” అన్నాను.

“ఆదివారం అమ్మా. నిద్రలోనే పోయిందట. చివరి రోజుల్లో ఈమె వాళ్ల నాన్న కోసం ఒకటే అడిగిందట. పాపా, పాపా అని.”

“పాపానా, పాపమా? సరిగ్గా అడుగు.”

మా అమ్మాయి అడగలేదు. పోపు మాడిన వాసన ఇల్లంతా కమ్ముకుంది.

ఇది చెబుతున్నది నేను, రాస్తున్నది మా అమ్మాయే. నాకు అక్షరం ముక్క రాదు. నేను చెప్పింది చెప్పినట్టు రాస్తానని నా చేతిలో చెయ్యి వేయించుకున్నాను. తన గురించి చెప్పేది కూడా. చదివేవాళ్లు మీరు, న్యాయం మీరే చెప్పండి.

అమెరికాలో ఈ అరోరా ఊళ్లో మా ఇంటికీ ఆవిడ ఇంటికీ మధ్య రెండు కార్లు పట్టేంత గడ్డి. నేను వచ్చిన కొత్తలో, ఎండాకాలం, కిటికీలు తీసి ఉండేవి. మధ్యాహ్నం మూడయ్యేసరికి ఆ ఇంట్లోంచి నవ్వులు. ఒకరిద్దరివి కాదు, పెళ్లివారు దిగినంత జనం. వాకిట్లో చూస్తే ఒక్క కారు ఉండదు. మూడు రోజులు చూశాను. నాలుగో రోజు గిన్నెలో గారెలు పెట్టుకుని వెళ్లి తలుపు కొట్టాను. లోపల ఒక్కతే మనిషి, టీవీకి ఎదురుగా. ఆ నవ్వే జనమంతా టీవీలోనే ఉన్నారు. అంతమంది నవ్వుల మధ్య ఒంటరిగా కూర్చున్న ఆవిడ చేతిలో గారెల గిన్నె పెట్టాను. పక్కన ఖాళీగా ఉన్న కుర్చీలో కూర్చున్నాను. ఏడేళ్లు ఆ కుర్చీ నాదే.

అది వాళ్ల పడుచు వయసులో వచ్చిన టీవీ నాటకమట, రంగుల్లేనిది. ఒక కుర్రాడు, మీసమింకా రాలేదు. వారానికొక అమ్మాయి మీద ప్రాణం పెట్టుకుంటాడు. వాడికిద్దరు స్నేహితులు. బొద్దుగా ఉండేవాడు ఉత్తరాలు మోస్తాడు, కళ్లద్దాలవాడు ఎక్కడినుంచో స్టార్టు కాని కారు తెస్తాడు. వీళ్లు సాయం చేసేకొద్దీ ఆ అమ్మాయి దూరమవుతుంది. చివరికి వీడు పూలు పట్టుకుని మెట్లమీద కూలబడతాడు. జనం నవ్వుతారు.

ఆవిడకు చూపు పోతోందని నాకు రెండో వారం తెలిసింది. ఎదురుగా ఉన్నది కనిపించదు, అంచులు మాత్రం మసకగా కనిపిస్తాయి. మాటలు వినేది. మాటల్లేనిచోట జనం నవ్వితే మాత్రం “వాట్? వాట్?” అని నా మోచెయ్యి పట్టుకునేది. నాకు బొమ్మ కనిపిస్తుంది, మాట తెలియదు. అందుకని కనిపించేది నేను చెప్పేదాన్ని.

“బాయ్ కమింగ్. ఫ్లవర్. గర్ల్ నో లుకింగ్. డాగ్ ఈటింగ్ ఫ్లవర్.”

“ద డాగ్?” అని ఆవిడ పకపకా నవ్వేది. టీవీలో జనం అప్పటికి నవ్వడం ఆపేసి ఉండేవారు. ఆవిడ నవ్వు ఎప్పుడూ ఒక అడుగు వెనకే, నా మీదుగా వెళ్లి వచ్చేది. మాటల్లో ఉన్న పరిహాసం నాకు చెప్పాలంటే ఆవిడ లేచి నటించేది. డెబ్భై ఎనిమిదేళ్ల మనిషి కుర్రాడిలా మోకాలి మీద కూర్చుని, లేవలేక నా చెయ్యి అందుకునేది.

నేను వదినా అన్నాను, పలికింది. ఆవిడ నన్ను అమ్మా అనేది. మా అమ్మాయి పిలవడం విని అదే నా పేరనుకుంది. నాకంటే ఎనిమిదేళ్లు పెద్దది, అయినా నేను దిద్దలేదు.

ఆ రోజుల్లోనే ఒకసారి, వాడు మెట్లమీద కూలబడగానే నా నోటినుంచి “పాపం” అని వచ్చింది. అదేమిటని అడిగింది. గుండెమీద చెయ్యి పెట్టుకుని చొచ్చొచ్చొ అన్నాను. అర్థమయిపోయింది. ఆరోజునుంచి చివరి వాయిద్యం మొదలవగానే ముఖం నా వైపు తిప్పి “పాపం?” అని అడిగేది. వాడు ఓడిపోయాడా అని. నేను “పాపం” అనేదాన్ని. గెలిస్తే అనడానికి “పెళ్లి” అనే మాట కూడా నేర్పాను. ఏడేళ్లలో ఒక్కసారి కూడా ఆ మాట అవసరం పడలేదు. ఆవిడకు మాత్రం ఆశ చావలేదు. రోజూ కాళ్లమీద దుప్పటి లాక్కుంటూ “టుడే ఈజ్ హిజ్ డే, అమ్మా” అనేది. వాకిట్లో మంచు తొయ్యాలని నేను గుర్తుచేస్తే “మంచు ఎక్కడికీ పోదు, వాడు పోతాడు” అని చేతులతో చెప్పి టీవీ పెట్టించేది.

ఈ చలికాలం మొదట్లో స్నానాలగదిలో పడిపోయింది. మిషిగన్ నుంచి కూతురు వచ్చి, ఆస్పత్రినుంచి ముసలివాళ్లను చూసుకునే హోమ్‌లో చేర్పించింది. కారులో పావుగంట దూరం. నాకు పావుగంటయినా పదిరోజులయినా ఒకటే, కారు నడపలేను కదా.

“నన్ను తీసుకెళ్లవే” అన్నాను మా అమ్మాయితో.

“ఫ్యామిలీని మాత్రమే రానిస్తారేమో అమ్మా. కనుక్కుంటాను. వీకెండ్ వెళదాం.”

ఒక వీకెండ్ ఆఫీసులో ఏదో రిలీజు పనన్నది. ఒక వీకెండ్ మంచు తుఫాను. ఒక వీకెండ్ ఊరికే మరిచిపోయింది. కనుక్కోలేదు. ఇక్కడ మా అమ్మాయి రాయడం ఆపి లేచి వెళ్లింది. ముఖం కడుక్కుని వచ్చి మళ్లీ కూర్చుంది. రాయి.

ఆ రోజు గుమ్మంలో ఆవిడ కూతురు చెప్పినదంతా, ఆమె వెళ్లిన తర్వాత నేను ఒక్కొక్క మాటా మా అమ్మాయి చేత చెప్పించుకున్నాను. హోమ్‌లో నర్సమ్మ మంచిది. ఇష్టమని రోజూ మూడింటికి ఆ పాత నాటకమే పెట్టేదట. అది అయిపోయే వేళకు మా వదిన తల పక్కకు తిప్పి అడిగేదట. పాపా అన్న తర్వాత పెదవులు మూసుకునేదట. మా వదిన భర్తను ఆ ఇంట్లో అందరూ పాపా అనేవారు గనుక, ఆయన ఫొటో తెచ్చి చేతిలో పెట్టారట. తోసేసిందట. చేతుల్లో బలం లేక జారిపోయిందనుకున్నారట.

ఇరవై ఆరు మధ్యాహ్నాలు. వేళ్లమీద లెక్కపెట్టాను. ఇరవై ఆరు సార్లు ఆవిడ నన్ను అడిగింది. వాడు కూలబడ్డాడా, పూలు అందుకున్నదా ఆ పిల్ల, చెప్పు అని. జనం నవ్వుతూనే ఉన్నారు, ఎందుకు నవ్వుతున్నారో చెప్పే దిక్కు లేదు. నేనేమో పావుగంట దూరంలో చిక్కుళ్లు ఒలుచుకుంటున్నాను.

సంతాపసభకు మాత్రం మా అమ్మాయి తీసుకెళ్లింది. దారిలో కారులోనే చెప్పేశాను. “నువ్వు చెప్పకపోతే నేను చెబుతాను. అది వాళ్ల నాన్న కాదు. ఆ మాట నాది.”

“అమ్మా, వద్దే. ఆవిడ కూతురికి పదిహేనేళ్లప్పుడు వాళ్ల నాన్న ఇల్లు వదిలి వెళ్లిపోయాడట. ఆయన చనిపోయాక కూడా వాళ్లమ్మ ఆ ఊసు ఎత్తనివ్వలేదట. ఇప్పుడు చివరికి అమ్మ క్షమించిందని అనుకుంటోంది. అది తీసేస్తావా?”

“అబద్ధం కదే!”

“నాకు తెలుసమ్మా.”

అక్కడ ఆవిడ కూతురు నన్ను చూడగానే వచ్చి కౌగిలించుకుంది. “యూ వర్ హర్ ఫ్రెండ్” అంది. సమాధి రాతిమీద పాపా దగ్గరికి చేరిందని చెక్కిస్తోందట. నా నోట్లో మాట సిద్ధంగా ఉంది. ఆమె ముఖం చూశాను. ముప్పై ఐదేళ్లుగా మోస్తున్న బరువేదో అప్పుడే దించినట్టు ఉంది. నేను చెప్పలేదు. జీవితంలో నేను మింగిన మాటలు తక్కువ. ఇది ఇంకా గొంతులోనే ఉంది, అన్నం దిగనివ్వడం లేదు.

అందుకే ఇక్కడ చెబుతున్నాను. ఈ అక్షరాలు ఆమెకు రావు. నాకూ రావు. కానీ ఎక్కడో ఒకచోట నిజం రాసి ఉండాలి. మా వదిన చివరిదాకా అడిగింది నన్ను. నేను లేను.

నిన్న ఆ ఇల్లు ఖాళీ చేశారు. అక్కర్లేనివి ఇక్కడ వీధి అంచున పెడతారు, కావలసినవాళ్లు పట్టుకుపోతారు. మా రెండు కుర్చీలూ పెట్టారు. పక్కపక్కనే, రోడ్డుకు ఎదురుగా, టీవీ ముందు ఉన్నట్టే. మూడింటికి కోటుమీద శాలువా కప్పుకుని వెళ్లి నా కుర్చీలో కూర్చున్నాను.

మా అమ్మాయి బూట్లయినా సరిగ్గా తొడుక్కోకుండా పరిగెత్తుకొచ్చింది. “ఏంటమ్మా ఇది? అందరూ చూస్తున్నారు.”

“చూడనీ.”

“చలికి బిగుసుకుపోతావు. లే.” నేను లేవకపోతే తనే పక్క కుర్చీలో కూర్చోబోయింది.

“అందులో కాదు” అన్నాను. నిలబడిపోయింది.

నేను చెప్పడం మొదలుపెట్టాను. “వైట్ కార్, వదినా. నో స్టాపింగ్. పోస్ట్ బండి. ఉడత, చెట్టు దిగి మళ్లీ ఎక్కింది.” మా అమ్మాయి బూట్లు సరిగ్గా తొడుక్కుని నా వెనక్కి వచ్చింది.

మూడున్నరకు పసుపు బస్సు ఆగింది. ఒక అమ్మాయి దిగి నడిచింది. వెనకే ఒక కుర్రాడు, ఆ చలిలో టోపీ లేకుండా, శుభ్రంగా దువ్వుకున్న తల. ఆ అమ్మాయి చేతితొడుగు ఒకటి మంచులో జారిపడింది. వాడు తీశాడు. పిలవబోయి నోరు తెరిచి, ఊరికే నిలబడ్డాడు.

“బాయ్ స్టాండింగ్” అన్నాను.

నా వెనకనుంచి మా అమ్మాయి మెల్లగా, అడగవలసినట్టే అడిగింది. “పాపం?”

“ఉండు” అన్నాను. ఆ పిల్ల ఇంకా మలుపు తిరగలేదు.