జేబులో పెట్టుకున్న ప్రసాదం

పోయిన నెల ఓ ఆదివారం ఐర్లండ్‌లోని గాల్వేలో, నిండు చర్చిలో, నన్ను దొంగని ఆపినట్టు ఆపారు. నవ్వండి, కానీ అంతా విన్నాక నవ్వండి. ఆ దెబ్బకి నాకు గది పోయింది.

అప్పటికి మా ఓనర్ ఇల్లు అమ్మేస్తున్నాడు. నెలాఖరుకి ఖాళీ చెయ్యాలి. ఈ ఊళ్లో గది దొరకడమంటే ఏమిటో మీకు వేరే చెప్పక్కర్లేదు. అలాంటప్పుడు ఇక్కడి ఆస్పత్రిలో పనిచేసే తెనాలి డాక్టరు రమేష్ అంకుల్ దేవుడిలా కనిపించారు. ఆ పోలిక నాకు గిట్టదు. అయినా అలాగే కనిపించారు.

"పైన గది ఖాళీయేనయ్యా. కానీ రోజంతా ఇంట్లో ఉండేది మా అమ్మ. ఆవిడకి నువ్వు నచ్చాలి. ఆదివారం నాకు డ్యూటీ, కాస్త ఊరు చూపించు. భక్తి ఉన్న కుర్రాళ్లంటే ఆవిడకి ఇష్టం" అన్నారు.

నేను ఇంటర్ నుంచీ నాస్తికుణ్ని. ఏ దేవుడి ప్రసాదమూ ముట్టనని మా ఇంట్లో ప్రకటించి, మా అమ్మ చేత నాలుగు దెబ్బలు తిన్నవాణ్ని. అయినా ఆదివారం నుదుట కుంకుమ పెట్టుకుని వెళ్లాను. పోరాటంలో ఎత్తుగడలు తప్పవు కదా.

సిటీ సెంటర్‌లో బామ్మగారికి ఏం చూపిస్తాను? ఉన్నవి పబ్బులు, చర్చిలు. పబ్బులు వదిలేశాం. పాత రాతి చర్చి గోడ మీద ఎప్పుడో యుద్ధంలో ఎవరో మొహాలు చెక్కేసిన దేవదూతల బొమ్మల్ని చూసి ఆవిడ చెంపలేసుకున్నారు. నా నోరు ఊరుకోలేదు.

"ఈ రాళ్లు మోసిన కూలీల పేర్లు ఎక్కడైనా ఉన్నాయా బామ్మగారూ? చరిత్రంతా రాజులదీ పూజారులదీనూ."

"మీ ఊరి గుడికి రాళ్లు మోసినవాళ్ల పేర్లు నీకు తెలుసా నాయనా?"

"తెలీదు."

"మరి వీళ్ల మీద పడతావేం? దణ్ణం పెట్టుకో."

పెట్టుకున్నాను.

తర్వాత ఇంకో పెద్ద చర్చిలోకి వెళ్లాం. లోపల పూజ నడుస్తోంది. ఎంత ఎత్తు, ఎంత చోటు! వారమంతా దాదాపు ఖాళీ. బయట చదువుకునే పిల్లలు ఒకే గదిలో నలుగురేసి పడుకుంటున్నారు. దేవుడికి ఇల్లుంది, మనిషికి లేదు. ఇది బ్యానర్ మీద ఎలా రాస్తే బాగుంటుందా అని ఆలోచిస్తుంటే జనం లేచి వరస కట్టారు.

"ప్రసాదం పెడుతున్నట్టున్నారు, పద పద" అన్నారు బామ్మగారు.

గుళ్లో క్యూ కనిపిస్తే మనవాళ్ల కాళ్లు వాటంతటవే నడుస్తాయి. ఎందుకు, ఎవరికి అని ఎవరూ అడగరు. ప్రశ్నించడమే ఊపిరి అని టీషర్టు వేసుకునే నేనూ అడగలేదు.

బామ్మగారు తీసుకున్నారు, కళ్లకద్దుకున్నారు, నోట్లో వేసుకున్నారు. నా అరచేతిలోనూ పల్చటి తెల్ల బిళ్ల పడింది. అలవాటున కళ్లకద్దుకున్నాను. తినబోతే సిద్ధాంతం అడ్డొచ్చింది. పారేస్తే బామ్మగారు చూస్తారు. టిష్యూలో చుట్టి జేబులో పెట్టుకున్నాను. మన దగ్గర ఇది తప్పు కాదు, ఇంట్లోవాళ్లకి తీసుకెళ్తున్నాడని ఇంకా మెచ్చుకుంటారు.

బెంచీ దాకా రాకముందే ఒక పెద్దాయన వచ్చి మెల్లగా ఇంగ్లీషులో అన్నాడు.

"యు ఆర్ గ్రాండ్, ఏం ఫరవాలేదు బాబూ, కంగారేం లేదు. కానీ అది మా క్యాథలిక్కులకి క్రీస్తు శరీరం, ఇక్కడే తినాలి. లేదంటే నాకు ఇచ్చెయ్యి."

తింటే నా మాట పోతుంది. తిరిగిస్తే ప్రసాదం వద్దన్నవాణ్నవుతాను, గది పోతుంది. కాబట్టి ఉపన్యాసం అందుకున్నాను. మనస్సాక్షి నా హక్కు అన్నాను. చేతిలో పెట్టాక అది నాదే అన్నాను. వ్యవస్థ అనే మాట కూడా వాడాను.

ఆయన ఓపిగ్గా విని, "నువ్వు క్యాథలిక్కువేనా?" అని అడిగాడు.

"నాకు ఏ దేవుడి మీదా నమ్మకం లేదు."

"మరి లైన్లో ఎందుకు నిలబడ్డావు?"

జేబులోంచి టిష్యూ తీశాను. ఇచ్చేశాను. ఆయన దాన్ని భద్రంగా తీసుకుని, తలవంచి, తనే తిన్నాడు. చుట్టుపక్కల అందరూ నన్నే చూస్తున్నారు.

పోనీ, బామ్మగారికి ఇంగ్లీషు అర్థం కాదులే అనుకున్నాను. బయటికొచ్చాక తెలిసింది, ఆవిడ రిటైరయ్యేదాకా హైస్కూల్లో ఇంగ్లీషే చెప్పారట.

సాయంత్రం డ్యూటీ దిగి అంకుల్ కారులో వచ్చి మమ్మల్ని ఎక్కించుకున్నారు. "ఏమ్మా, కుర్రాడు ఎలా ఉన్నాడు?" అని నా ఎదురుగానే అడిగారు.

"నాస్తికుడురా" అన్నారు బామ్మగారు. "అదేం ఫరవాలేదు, మీ నాన్నా అంతే. కానీ పెట్టింది తినడు, అడిగితే తిరిగివ్వడు, పైగా హక్కంటాడు. రేపు గది ఖాళీ చెయ్యమంటే చేస్తాడంటావా?"

అంకుల్ అద్దంలోంచి నన్ను చూసి, రేడియో పెట్టారు.

ఇప్పుడు మా క్లాస్‌మేట్ కిరణ్ ఇంట్లో సోఫా మీద ఉంటున్నాను. వాడు శనివారం శనివారం కొబ్బరికాయ కొడతాడు. పెట్టిన ముక్క అక్కడికక్కడే, వాడి కళ్ల ముందే, నమిలి మింగుతున్నాను.