తొందరేం లేదు

చదరంగం సాఫ్ట్‌వేర్ కోసం నరసరావుపేటలోని మా షాపుకు వచ్చేవాళ్ల ప్రశ్నలు నాకు కంఠతా వచ్చు. ఎన్ని లెవెల్స్ ఉన్నాయి, మన తప్పులు చూపిస్తుందా, వేసిన ఎత్తు వెనక్కి తీసుకోనిస్తుందా. మా నాన్నతో పాటు లారీ తోలిన బాబాయి మాత్రం ఇవేవీ అడగలేదు.

"నిదానంగా ఆడేది ఉందా అబ్బాయ్?"

ఆయనా మా నాన్నా సున్నపురాయి క్వారీలో లోడు కోసం ఎదురుచూస్తూ లారీ నీడలో ఆడుకునేవాళ్లు. తన ఎత్తు వేయగానే బాబాయి చేతులు వెనక్కి కట్టుకుని, "చూసుకో, తొందరేం లేదు" అనేవాడు. నాన్న పోయాక ఆయనతో ఆడేవాళ్లు లేరు. మనవరాలు లాప్‌టాప్‌లో ఏదో ఆట పెట్టి ఇచ్చిందట.

"నేను చానాసేపు ఆలోచించి ఒక ఎత్తు వేస్తానా, అది రెప్పపాటులో వేసుద్ది. నన్ను మనిషి కింద లెక్కేసినట్టే లేదు. సిగ్గేస్తంది రా," అన్నాడు తల దించుకుని.

నేను ఆయన తెచ్చిన లాప్‌టాప్‌లో వేరే ఆట ఎక్కించి, ప్రతి ఎత్తుకూ కాసేపు ఆగేలా సెట్టింగ్ మార్చాను. బాబాయి బంటును జరిపాడు. కంప్యూటర్ వెంటనే ఆడలేదు. ఆయన ముఖం విప్పారింది.

"నిజంగా ఆలోచిస్తందా, ఊరికే ఆగిందా?"

అది ఊరికే ఆగిందని నాకు తెలుసు.

"ఆలోచిస్తంది బాబాయ్," అన్నాను.

ఆయన చేతులు వెనక్కి కట్టుకున్నాడు. స్క్రీన్ వైపు వంగి, ఎంతో మర్యాదగా చెప్పాడు.

"చూసుకో, తొందరేం లేదు."

నేను ఆయన ముఖం చూడలేక, శుభ్రంగానే ఉన్న కౌంటర్‌ను మళ్లీ తుడుస్తూ నిలబడ్డాను.