ఫ్లాపీలో పట్టిన పెళ్లికళ

పటమటలో నా అంత ఫొటోగ్రాఫరు లేడని తొంభైల్లో జనం చెప్పుకునేవాళ్లు. జనం అంటే నేనూ, పక్కన టీ కొట్టాయనా. నెగటివ్ మీద సన్నటి పెన్సిల్‌తో నేను మొటిమలు మాయం చేస్తే పెళ్లికూతుర్ని కన్నతల్లి కూడా గుర్తుపట్టేది కాదు. సరే, ఒక్క తల్లే గుర్తుపట్టలేదు. ఆవిడా కళ్లజోడు ఇంట్లో మర్చిపోయి వచ్చింది.

డిజిటల్ కెమెరాలు వచ్చాక రోడ్డుకి అవతల స్టూడియో పెట్టిన భాయ్ పేరు మోగిపోయింది. ఆయన ఫొటోల్లో పెళ్లికూతుళ్లు మెరిసిపోయేవాళ్లు. కడుపు మండి నేనూ అదే కెమెరా కొన్నాను. ఆయనలాగే రా ఫైళ్లే తీశాను, అంటే కెమెరా ఏ మెరుగూ దిద్దకుండా ఇచ్చే పచ్చి ఫొటోలు. నావి మాత్రం చద్దన్నంలా పాలిపోయి ఉండేవి.

చల్లపల్లిలో ఒక పెళ్లి ఇద్దరం కలిసి తీశాం. ఆడపెళ్లివారి వైపు భాయ్, మగపెళ్లివారి వైపు నేను. భాయ్ పదిహేను రోజులు కూర్చుని తనవి దిద్దుకున్నాడు. తీరా ఆల్బమ్ డిజైన్‌కి ఇచ్చే రోజున బందరులో వాళ్ల చెల్లెలి ఇంట్లో శుభకార్యం.

"మాస్టారూ, మీవాటితో పాటు నావీ గాంధీనగర్‌లో డిజైన్‌కి ఇచ్చేయండి" అని హార్డ్‌డిస్కు నా చేతిలో పెట్టి వెళ్లాడు. నమ్మకం చూడండి.

తెరిచి చూశాను. ప్రతి ఫొటో పక్కనా అదే పేరుతో ఒక బుల్లి ఫైలు. చెత్త అనుకుని తీసేశానని చాలా ఏళ్లు చెప్పుకు తిరిగాను. అబద్ధం. ఒకదాన్ని పక్కకి తీసి చూశాను. పెళ్లికూతురి కళ దిగిపోయి, అచ్చం నా ఫొటోలా తయారైంది. మళ్లీ పెడితే వెలిగింది. మా కాలంలో దిద్దడమంటే నెగటివ్ మీదే. ఈయన అసలు ఫొటోని ముట్టుకోనేలేదు. వెలుగు ఎంత పెంచాలో, ఏ రంగు ఎంత తగ్గించాలో అంతా ఆ బుల్లి ఫైల్లోనే, చిట్టీ మీద రాసిపెట్టినట్టు ఉంది.

ఒక చిట్టీకి కాపీ తీసి, నా పెళ్లికొడుకు ఫొటో పేరు పెట్టి పక్కన ఉంచాను. అబ్బాయి ఉడికించిన రొయ్యలా ఎర్రబడ్డాడు. ఆ ఉక్రోషంలో భాయ్ చిట్టీలన్నీ ఊడబెరికాను. పదిహేను రోజుల పనితనం ఒక్క ఫ్లాపీలో పట్టేసింది. చొక్కా జేబులో వేసుకున్నాను.

గాంధీనగర్‌లో డిజైన్ చేసేచోటికి ఫొటోలు ఎంచడానికి పెళ్లికూతురి తండ్రి వచ్చాడు.

"ఇదేంటండీ, భాయ్‌గారివి కూడా మీవాటిలాగే ఉన్నాయి?"

ఏళ్ల తరబడి వినాలనుకున్న మాటే. అన్న తీరే బాగోలేదు.

"రెండో అమ్మాయి పెళ్లి కూడా ఆయనకే చెబుదామనుకున్నాం. ఇంకెవరినైనా చూసుకోవాలి" అంటూ లేచాడు. ఆ 'ఎవరినైనా'లో నేను లేనని తెలుస్తూనే ఉంది.

మర్నాడు భాయ్ రాగానే జరిగింది చెప్పాను, నాకు కావలసినట్టు. "వైరస్ పడింది భాయ్! అడ్డం పడి వీటిని కాపాడాను" అని ఫ్లాపీ ఇచ్చాను.

ఆయన చిట్టీలన్నీ వాటి చోట పెట్టాడు. పెళ్లికూతురు మళ్లీ వెలిగింది. ఒక్క చిట్టీ మాత్రం మిగిలింది. దాని పేరు నా పెళ్లికొడుకు ఫొటోది. ఫ్లాపీలోంచి తీసేయడం మర్చిపోయాను. భాయ్ దాన్ని నా ఫొటో పక్కన పెట్టి తెరిచాడు. రొయ్య ప్రత్యక్షం.

"మాస్టారూ, ఈ వైరస్‌కి మీ ఫొటోలంటే అభిమానంలా ఉందే."

"టీ చెప్పనా?" అన్నాను.

"మా పెళ్లికూతురు ఎండలో నిలబడింది. మీ అబ్బాయి బల్బు కింద కూర్చున్నాడు. ఒకరి కళ్లజోడు ఇంకొకరికి పెడితే ఎలాగండీ?"

అంటూనే నా పెళ్లికొడుకుని పది నిమిషాల్లో దిద్దేశాడు. రొయ్య కాస్తా దొరబాబైంది. తర్వాత ఫోను నా ముందుకి జరిపాడు. "చల్లపల్లి పెద్దాయనకి మీరే చెప్పాలి."

చెప్పాను. "తప్పు నాదండీ. భాయ్ దిద్దినవన్నీ నేనే తీసేశాను. మళ్లీ పెట్టాం, వచ్చి చూడండి."

అవతల పెద్దాయన హమ్మయ్య అన్నాడు. "అదే అనుకున్నానండీ! భాయ్‌గారి చెయ్యి అలా ఉండదు కదా. రెండో అమ్మాయి పెళ్లి కూడా ఆయనే తీయాలని చెప్పండి."

చెప్పాను. కడుపు మళ్లీ భగ్గుమంది. అదృష్టం, ఫ్లాపీ అప్పటికే భాయ్ జేబులో ఉంది.