డ్యూటీ పేరు

పెళ్లయిన పన్నెండేళ్లకు, రెండువేల ఎనిమిది వైశాఖంలో, గోదావరిఖని అనసూర్య కరీంనగర్ సంతాన వైద్యశాలలో ఒంటరిగా కూర్చుంది. ఆ పూటే బీజం గర్భాన్ని చేరాలి. చేరకపోతే ఏడాది చికిత్స అంతా వృథా. భర్త రాయమల్లు వెంట లేడు. బొగ్గుగనిలో నిప్పు రాజుకున్నదని కబురందగానే, రక్షణదళం వాడు గనుక, తెల్లవారుతూనే భూగర్భంలోకి దిగాడు.

ఇటువంటి పిలుపు ఎన్నడైనా రావచ్చునని ఎరిగిన డాక్టరమ్మ, పదిరోజుల ముందే అతని వీర్యాన్ని గడ్డకట్టించి భద్రపరచింది. మహర్షుల తేజస్సు కలశాలలో నిలిచిన వృత్తాంతాలు పురాణశ్రవణంలో విన్న అనసూర్యకు అది వింతగా తోచలేదు. చేతులు జోడించి నమ్మింది.

ప్రయోగశాలలో పనిచేసే మమత దస్త్రం తిరగేసి వచ్చింది.

"రాయమల్లు పేరుమీద ఏం లేదక్కా."

"గట్లంటవేంది బిడ్డా? నా ముంగటనే ఇచ్చిండు. మల్ల సూడు."

"మూడుసార్లు చూసిన. గోదావరిఖనిది ఒక్కటే ఉంది. రాజం అని."

అనసూర్య నెత్తి కొట్టుకుంది. "అయ్యో, రాజం నా మొగడే! అది డ్యూటీ పేరు."

"ఒక్క మనిషికి రెండు పేర్లేంది?"

"వాళ్ల చిన్నాయన పేరుమీద నౌకరీల చేరిండు. ఇంట్ల రాయమల్లు, బొగ్గుబాయిల రాజం. కాయితం కనవడితే చెయ్యి దానంతటదే రాజమని రాస్తది. ఏం జెయ్యాలె ఈ మనిషిని!"

మమత నవ్వలేదు. "మాటమీద ఇయ్యలేనక్కా. పరాయివాళ్లదైతే ఎట్ల?"

అనసూర్య సంచిలో గని దవాఖాన పుస్తకముంది. అరువు పేరున్న ఆ పుస్తకాన్ని పరులకు చూపడం ఆమెకు ఎన్నడూ నామోషీ. క్షణం తటపటాయించి తీసి ఇచ్చింది. రాజం పక్కనే భార్యగా ఆమె ఫొటో, కింద అతని సంతకం. మమత ఆ సంతకాన్ని తన దగ్గరి అంగీకారపత్రంలోని సంతకంతో అక్షరమక్షరం పోల్చింది, డాక్టరమ్మకూ చూపింది. ఆ తరువాతే గడ్డకట్టిన వీర్యమున్న నాళిక వెచ్చనయింది.

నిప్పు ఆర్పి గనిలోంచి పైకి వచ్చిన రాయమల్లు సంగతి విని, మసిచేతులతోనే కరీంనగర్ దిక్కుకు దండం పెట్టాడు.

మాఘంలో ఆడపిల్ల పుట్టింది. పదకొండోనాడు అనసూర్య మమతను పిలిపించి, ఆమె ఒడిలో పసిబిడ్డనుంచింది. "ఆనాడు నా మాట నమ్మకపోతివి చూడు, గదే నాకు మేలు జేసింది బిడ్డా. నీ కడుపు సల్లగుండ."

అటుపక్క రాయమల్లు పుట్టుక కాగితం నింపుతూ, తండ్రి పేరు దగ్గర 'రా' రాశాడు.

"ఆగు!" అనసూర్య అతని మణికట్టు పట్టుకుంది. "ఏ పేరు రాస్తున్నవ్?"

"రెండూ రాస్తనే," అన్నాడు రాయమల్లు. "పిల్లకు మాత్రం ఒక్కటే."